మెత్తని గుడ్డు కోసం కలకత్తాలో పది రోజులు

విజయనగరంలో హౌరా బండి సాయంత్రం ఐదూ ఇరవైకి రావాలి. పావుగంట ఆలస్యంగా వచ్చింది. మావారు నా పెట్టెను సీటు కిందకు తోసి, "దిగగానే ఫోన్ చెయ్యి" అని చెప్పి దిగిపోయారు. స్లీపర్ బోగీలో కిటికీ పక్కన కింది బెర్తు దొరికింది. మార్చి మొదటి వారం. ఎండ తగ్గినా కిటికీ ఊచలు ఇంకా వేడిగానే ఉన్నాయి.

నేను కలకత్తా చూడడానికి బయలుదేరలేదు. మా తమ్ముడు రవి అక్కడ న్యూ టౌన్‌లో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేస్తున్నాడు. జనవరి చివర్లో ఒక ఉదయం, వాళ్ళ అపార్ట్‌మెంటు మెట్లు పనివాళ్ళు కడుగుతుండగా తడి మీద జారి పడ్డాడు. గడ్డం మెట్టు అంచుకు కొట్టుకుని కింది దవడ రెండు చోట్ల విరిగింది. పై పళ్ళనూ కింది పళ్ళనూ కలిపి తీగలతో కట్టేశారు. ఐదు వారాలు పాలు, పళ్ళరసం, వడకట్టిన పప్పు నీళ్ళు స్ట్రాతో తాగి బతికాడు. మాకు అమ్మ లేదు. నేను వెళ్ళాల్సింది. కానీ నేను జూనియర్ కాలేజీలో కెమిస్ట్రీ ల్యాబ్ అసిస్టెంటుని. ప్రాక్టికల్ పరీక్షలు అయ్యేవరకూ సెలవు ఇవ్వరు. అవి అయ్యాయి, అక్కడ వాడి తీగలూ తీశారు. పది రోజులకు సెలవు పెట్టాను.

"మెత్తటివి తినమన్నారు. గుడ్లు మంచివట" అని వాడు మెసేజ్ పెట్టాడు. గుడ్లే కదా అనుకున్నాను. నా చేతి కోడిగుడ్డు పొరటు తిననివాళ్ళు మా చుట్టాల్లో లేరు.

పలాస దాటాక ఎదుటి బెర్తులో ఉన్న పెద్దాయన మాట కలిపాడు. మూడు తరాలుగా ఖరగ్‌పూర్‌లో ఉంటున్న తెలుగువాళ్ళట. రైల్వేలో చేసి రిటైరయ్యాడు. సంగతంతా విని, "దవడంటే మాటలు కాదమ్మా. నా పళ్ళు పీకించీసినప్పుడు నాకూ గుడ్డే పెట్టీవోరు. గట్టిగా వండితే ఇసకలాగుంటాది, జాగర్త" అన్నాడు. తల ఊపి ఊరుకున్నాను. నాకు వంట నేర్పుతున్నాడని కొంచెం చిరాకు కూడా వేసింది.

తెల్లవారి ఏడు గంటలకు హౌరాలో దిగాను. సామాను తక్కువైతే స్టేషన్ కిందనుంచే మెట్రో ఉంది, అది నది అడుగునుంచి వెళ్ళి న్యూ టౌన్ పక్కనున్న సెక్టర్ ఫైవ్ దాకా చేరుస్తుంది. నా దగ్గర బియ్యం, కారం, ఆవకాయ సీసాలతో కలిపి మూడు బరువులు ఉన్నాయి కాబట్టి కారు బుక్ చేసుకున్నాను. గంటా పది నిమిషాలు పట్టింది.

తలుపు తీసింది రవి రూమ్మేటు నరేష్. కరీంనగర్ అబ్బాయి. "రా అక్కా, మంచిగ వచ్చినవా?" అని సంచులు అందుకున్నాడు. వాడి వెనక రవి నిలబడి ఉన్నాడు. టీషర్టు వేలాడుతోంది. తొమ్మిది కిలోలు తగ్గాడని నరేష్ ముందే చెప్పాడు కానీ, వినడం వేరు. రవి నన్ను చూసి నవ్వబోయి ఆపుకున్నాడు. ఫోన్ తీసి టైపు చేసి నాకు చూపించాడు. "ప్రయాణం బాగా జరిగిందా?"

"తీగలు తీసేశారు కదరా, మాట్లాడొచ్చుగా" అన్నాను.

వాడు భుజాలు ఎగరేశాడు. నరేష్ నన్ను వంటింట్లోకి పిలిచి చెప్పాడు. "మాట్లాడొచ్చన్నది డాక్టర్. తినొచ్చన్నది. ఈనే నోరు తెరుస్తలేడు అక్కా. మూడు వేళ్ళు నిలువుగ పట్టేటంత తెరవాలె. ఇప్పుడు ఒక్కటిన్నర పడుతున్నది. పదో తారీకు మళ్ళ చూస్తరు. అప్పటికి కూడ గిట్లనే ఉంటే మత్తిచ్చి తెరవాల్సొస్తదేమో అన్నరు."

ఆరు రోజుల గడువు. స్నానం చేసి నేరుగా పొయ్యి దగ్గరకు వెళ్ళాను. ఉల్లిపాయ సన్నగా తరిగాను, పచ్చిమిర్చి ఒక్కటే వేశాను, పసుపు, ఉప్పు. మంట పెద్దది పెట్టి, నాలుగు గుడ్లు కొట్టి, అట్లకాడతో గబగబా తిప్పి, తడి ఆరేవరకూ వేయించాను. మా ఇంట్లో ఎప్పుడూ చేసే తీరే. కంచం నిండా పొడిపొడిగా, ఎర్రగా దిగింది.

రవి చిన్న చెంచాతో రెండు సార్లు పెట్టుకున్నాడు. మూడోసారికి ముఖం ముడుచుకుపోయింది. లేచి బాత్రూమ్‌లోకి వెళ్ళి చాలాసేపు పుక్కిలిస్తూ ఉండిపోయాడు. గుడ్డు పలుకులు చిగుళ్ళకూ పళ్ళకూ మధ్య ఇరుక్కున్నాయి. మిరప గింజ ఒకటి కుట్టుపడిన చోట దిగింది. బయటకు వచ్చాక కళ్ళు ఎర్రగా ఉన్నాయి. ఫోన్ మీద "సారీ అక్కా" అని రాసి చూపించి, మళ్ళీ పాల గ్లాసు అందుకున్నాడు.

ఇసుక అన్న ఖరగ్‌పూర్ పెద్దాయన మాట అప్పుడు గుర్తొచ్చింది. నాకు సిగ్గేసింది. ఆ సిగ్గు తగ్గాక ఒక ఆలోచన వచ్చింది. ఇరవై రెండేళ్ళుగా ల్యాబులో పిల్లలకు "మంట తగ్గించు, గడ్డ కట్టేస్తుంది" అని చెబుతున్నాను. ఇంట్లో గుడ్డు విషయంలో ఆ మాట నాకు నేను ఒక్కసారీ చెప్పుకోలేదు. గుడ్డును ఇంకెన్ని రకాలుగా కలియబెట్టవచ్చో తెలుసుకోవాలనిపించింది.

మర్నాడు పొద్దున నరేష్ తన పద్ధతి చూపించాడు. టీ కప్పులో రెండు గుడ్లు, రెండు చెంచాల పాలు, ఉప్పు వేసి గిలకొట్టి మైక్రోవేవ్‌లో పెట్టాడు. "నేను రోజూ గిట్లనే చేస్కుంట అక్కా. ఒకటిన్నర నిమిషంల అయిపోతది." కప్పు అంచు దాటి పొంగి, బయటకు తీయగానే కూలిపోయింది. రుచి చూశాను. రబ్బరులా సాగింది. రెండోసారి నేను పదిహేను సెకన్లకోసారి ఆపి ఫోర్కుతో కలుపుతూ చేశాను. ఈసారి బాగా మెత్తబడింది. రవి సగం తిన్నాడు. వాసన బాగోలేదని మిగతాది వదిలేశాడు. వేడి చాలని చోట పచ్చివాసన, ఎక్కువైన చోట సాగుడు. కప్పులో వేడి అంతటా ఒకేలా తగలదు.

ఆ సాయంత్రం నాలుగున్నరకు ఎదురింటి బెంగాలీ ఆవిడ వచ్చింది. అరవై ఏళ్ళుంటాయి. రవి ఆవిణ్ణి మాషీమా అంటాడు, పిన్నీ అన్నట్టు. చేతిలో మూత పెట్టిన గిన్నె, అందులో కలియబెట్టిన గుడ్డు. నాకు బెంగాలీ రాదు, ఆవిడకు హిందీ కొంచెం వచ్చు, నాకు అంతకన్నా తక్కువ వచ్చు. గిన్నె చూపించి "నొరొమ్, నొరొమ్" అంది. మెత్తన అని అర్థమయింది. వంటింట్లోకి పిలిచి, మళ్ళీ చేసి చూపించమని సైగ చేశాను. ఆవిడ మొహమాటం లేకుండా కొంగు దోపి మొదలుపెట్టింది. మూడు గుడ్లకు అర గ్లాసు పాలు. మూకుట్లో నెయ్యి. సన్నని మంట. ఆఖర్న పంచదార ఒక చిటికెడు. నేను ఆ చిటికెడు చూసి ఉలిక్కిపడితే ఆవిడ నవ్వి ఇంకో చిటికెడు వేసింది.

నిజంగానే మెత్తగా, పాలకోవా మొదటి పాకంలా ఉంది. కానీ ఐదు నిమిషాలు కంచంలో ఉండేసరికి అడుగున నీరు ఊరింది. పాలు ఎక్కువైతే గుడ్డు పట్టి ఉంచుకోలేదు. రవి మాషీమా ఎదురుగా మర్యాదగా మొత్తం తిన్నాడు. ఆవిడ వెళ్ళాక ఫోన్ మీద "పాయసం" అని రాశాడు. నేను నవ్వాను. వాడు నవ్వబోయి, చేయి దవడకు అడ్డం పెట్టుకున్నాడు.

ఆదివారం లిలువా బయలుదేరాను. అక్కడ మా అమ్మ పినతల్లి కూతురు, నాకు పిన్ని వరసయ్యే పార్వతమ్మ ఉంటుంది. బాబాయి రైల్వే వర్క్‌షాపులో చేసి రిటైరయ్యాడు. తొమ్మిదింటికి ఆటోలో సెక్టర్ ఫైవ్ వెళ్ళి మెట్రో ఎక్కాను. నది కింద వెళ్ళే ముక్కలో కిటికీల బయట నీలం దీపాలు వేశారు. నా పక్కన కూర్చున్న అమ్మాయి వాళ్ళ నాన్నమ్మకు ఆ దీపాలు చూపిస్తుంటే, ఆ నాన్నమ్మ పైకి చూస్తూ నమస్కారం పెట్టింది. గంగ తల మీద ఉంది కదా. హౌరాలో లోకల్ బండికి టికెట్ ఐదు రూపాయలు. మొదటి స్టేషనే లిలువా. పదీ నలభైకి పిన్ని ఇంట్లో ఉన్నాను.

"ఏటే, ఇన్నాళ్ళకి దారి తెలిసిందా? కూకో" అంది పిన్ని. అంతా చెప్పాను. బాబాయి పక్కనే కుర్చీలో బోసినోటితో వింటున్నాడు. కట్టుడుపళ్ళు గ్లాసులో ఉన్నాయి.

"ఈయనకి రెండేళ్ళుగా అదే గుడ్డు పెడతన్నాను" అంది పిన్ని. "ఉల్లిపాయ ముక్కలెందుకే? ముద్ద నూరి, నెయ్యిలో మగ్గించీయాల. గుడ్డు ఎయ్యకముందే ఉప్పేసి గిలక్కొట్టి పక్కనెట్టీ. ఆ తరవాత సూడు."

ఇనప పెనం వేడెక్కాక మంట తగ్గించి గుడ్డు పోసింది. రెండు మూడు సార్లు కలిపి, ఇంకా తడితడిగా, జారుతూ ఉండగానే పెనాన్ని దింపేసింది.

"ఉడకలేదు పిన్నీ" అన్నాను.

"దింపీసినాక కూడా ఉడుకుతాదే. పెనం సల్లారొద్దా? నువ్వు పొయ్యి మీదే పూర్తిగా ఉడికించీసి, కంచంలోకొచ్చీసరికి ఎండబెట్టీస్తన్నావు."

నిమిషం తరువాత తింటే, చెప్పినట్టే గట్టిపడీ పడకుండా ఆగింది. పరీక్షనాళికను మంట నుంచి తీశాక కూడా లోపల మార్పు కొంతసేపు సాగుతుందని నేను పిల్లలకు చెప్పే పాఠమే ఇది. బాబాయి చిగుళ్ళతోనే తినేశాడు. తిని, "దీనికే ఇలాగైపోతే మా పోలయ్య చేసింది తింటే ఏటంటావో" అన్నాడు. పోలయ్య ఆయన చిన్ననాటి స్నేహితుడు. భీమిలి దగ్గరి బెస్తపల్లెలో పుట్టి, ముప్ఫై ఏళ్ళు ఓడల్లో వంట చేసి, రేవు దగ్గర ఏక్‌బాల్‌పూర్‌లో స్థిరపడ్డాడు. బాబాయి అప్పటికప్పుడు ఫోన్ చేశాడు. "రేపు పదకొండుకి రమ్మను" అన్నాడట.

సోమవారం హౌరా దాకా మళ్ళీ మెట్రోలో వచ్చి, అక్కడ లాంచీ ఎక్కి బాబూఘాట్‌లో దిగి, ఖిదిర్‌పూర్ వైపు వెళ్ళే బస్సు పట్టుకున్నాను. తొందరలో ఉన్నవాళ్ళు ఈ దారి పట్టకండి. నాకు మాత్రం నది గాలి తగిలితే బాగుండుననిపించింది. ఎనిమిదో తారీకు వచ్చేసింది. రవి నోరు ఇంకా రెండు వేళ్ళ దగ్గరే ఆగింది. వ్యాయామం చేయమంటే గదిలోకి వెళ్ళి తలుపు వేసుకుంటున్నాడు.

పోలయ్యగారిది రెండంతస్తుల పాత ఇంట్లో పై గది. డెబ్బై దాటిన మనిషి, చొక్కా మోచేతుల దాకా మడిచి ఉంది. వంటగది గట్టు మీద ఏదీ ఉండాల్సిన చోటు తప్ప ఇంకో చోట లేదు. గుడ్లు అప్పటికే బయట పెట్టి ఉంచాడు.

"గుడ్డు సల్లగుంటే సమంగా ఉడకదు" అన్నాడు. తరువాత అడిగాడు, "ఆ బాబుకి ఎలాగ కావాల?"

"మెత్తగా" అన్నాను.

"అది దాక్తరు మాట. ఆ బాబేటన్నాడు?"

వాడు ఎలా తినగలడో చూశాను కానీ, ఎలా తినాలనుందో అడగలేదు. ఆ మాటే ఒప్పుకున్నాను.

"ఓడలో నలుగురాఫీసర్లుంటే నాలుగు రకాలు" అన్నాడు పోలయ్యగారు. "కెప్టెనుకి పెరుగులాగుండాల. ఇంజను గదిలో పనిసేసినోడు చెమటోడ్చి ఒచ్చినాడు, ఆడికి గట్టిగా, ఎర్రగా ఉండాల. ఒకడికి జొరమొచ్చింది. ఆడికి నిన్న నచ్చింది ఇయాల నచ్చదు. నాను రోజూ అడిగీవోణ్ణి. అడిగితే తప్పేటి?"

తరువాత చూపించాడు. గిన్నెలో నీళ్ళు మరగనివ్వకుండా ఆవిరి వచ్చేంత వేడి. దాని మీద ఇంకో గిన్నె, అడుగు నీటికి తగలకుండా. అందులో గుడ్లు, వెన్న ముక్కలు. చెక్క గరిటెతో ఆగకుండా కలపడం. నాకు నవ్వొచ్చింది. అది మా ల్యాబులోని వాటర్ బాతే. నేరుగా మంట చూపించకూడని ప్రతిదాన్నీ మేము అలాగే వేడి చేస్తాం. ఐదు నిమిషాలు ఏమీ కాలేదు. ఎనిమిదో నిమిషంలో గరిటె వెనక దారి కనిపించింది. పన్నెండో నిమిషంలో అంతా చిక్కబడి, సన్నని పలుకులతో నిగనిగలాడింది. దించి, ఒక చెంచా చల్లని పాలు కలిపి, వేడిని అక్కడితో ఆపేశాడు. నాలుక మీద పెడితే నమలాల్సిన పనే లేదు. గుడ్డుకు అంత రుచి ఉంటుందని నలభై నాలుగేళ్ళు వచ్చేదాకా నాకు తెలియదు.

"బాగుంది కదా అని ఇదే సేసీకు" అన్నాడు వెళ్ళేటప్పుడు. "ముందు అడుగు."

మూడింటికి న్యూ టౌన్ చేరాను. రవి సోఫాలో పడుకుని ఉన్నాడు. ఎదురుగా కుర్చీ లాక్కుని కూర్చుని అడిగాను. "నీకు గుడ్డు ఎలా తినాలనుందిరా?"

వాడు ఫోన్ తీశాడు. నేను దాన్ని చేత్తో మూశాను. "నాకు చదివే ఓపిక లేదు. చెప్పు."

వాడు ఫోన్ పక్కన పెట్టాడు. తరువాత పళ్ళు సగమే విప్పి, మాట నలిగిపోతూ చెప్పాడు. "పళ్ళ కిందకి ఏదో ఒకటి రావాలక్కా. ఐదు వారాలు తాగాను. ఇంకా జారిపోయేవే పెడుతున్నారు. కానీ నమిలితే మళ్ళీ విరుగుతుందని భయం. రాత్రి పూట పళ్ళు తగిలితే మెలకువ వచ్చేస్తోంది."

వాడు మా ఇంట్లో అందరికంటే చిన్నవాడు. పడినప్పుడు ఏడవకుండా లేచేవాడు. వాడికి ఇంత భయం ఉందని నేను ఊహించలేదు. దవడ ఎముక అతుక్కుందని, అందుకే తీగలు తీశారని డాక్టరు చెప్పిన మాటే మళ్ళీ చెప్పాను. అది వాడికీ తెలుసు. "లే, వంటింట్లోకి రా" అన్నాను.

స్టూలు వేసి పొయ్యి పక్కన కూర్చోబెట్టాను. ముందు పోలయ్యగారి పద్ధతిలో, వాడి చేతికే గరిటె ఇచ్చి చేయించాను. పన్నెండు నిమిషాలూ వాడే కలిపాడు. తిన్నాడు. "బాగుంది. కానీ ఇదీ జారిపోతుంది" అన్నాడు. అప్పుడు పెనం పెట్టాం. వెన్న, సన్నని మంట, పాలు లేని గుడ్డు, ఉల్లి లేదు, మిర్చి లేదు. గబగబా తిప్పొద్దన్నాను. అంచు కొంచెం గట్టిపడేదాకా ఆగి, అట్లకాడతో ఒక పక్కనుంచి మెల్లగా తోశాడు. దుప్పటి మడత పడ్డట్టు పెద్ద మడత పడింది. ఇంకోటి. పైన ఇంకా తడి ఉండగానే పిన్ని చెప్పినట్టు దించేశాం. కాసిని మిరియాల పొడి.

ఒక మడత చెంచాతో తీసుకుని నోట్లో పెట్టుకున్నాడు. కళ్ళు మూసుకున్నాడు. దవడ ఒకసారి కదిలింది. ఆగింది. మళ్ళీ కదిలింది. కళ్ళు తెరిచి, నేను, నరేష్ తననే చూస్తున్నామని గమనించి, "అలా చూడకండి" అన్నాడు. నరేష్ గబుక్కున ఫ్రిజ్ వైపు తిరిగాడు. రవి నాలుగు మడతలు నమిలి తిన్నాడు.

ఆ పూట నుంచి రోజుకు మూడుసార్లు గుడ్డే. ప్రతిసారీ ముందు అడిగేదాన్ని. పొద్దున నొప్పిగా ఉంటే ఆవిరి మీద చేసినది, మధ్యాహ్నం పెనం మీది మడతలు, సాయంత్రం ఇంకాస్త గట్టిగా. తొమ్మిదో తారీకు సాయంత్రం వాడే బ్రెడ్డు ముక్క నానబెట్టి కలిపి వేసుకున్నాడు. మాషీమాకు ఒక గిన్నె పంపితే, ఉత్త గిన్నె తిరిగి ఇవ్వడం బాగుండదని పెరుగు నింపి తెచ్చింది. గుడ్డు గురించి ఏదో అంది. "చక్కెర తక్కువైందంట అక్కా" అని నరేష్ చెప్పాడు.

పదో తారీకు ఉదయం పదకొండుకు ఆసుపత్రి. డాక్టరమ్మ చిన్నవయసు మనిషి. స్కేలు పెట్టి కొలిచి, వేళ్ళు పెట్టమంది. రెండున్నర పట్టాయి. "మత్తు అవసరం లేదు. ఇలాగే తినండి, రోజూ వ్యాయామం చేయండి" అని హిందీలో చెప్పింది. బయటకు వచ్చాక రవి లిఫ్టు దగ్గర గోడకు ఆనుకుని కాసేపు నిలబడ్డాడు. "మెట్లు దిగుదాం అక్కా" అన్నాడు. నాలుగంతస్తులూ రెయిలింగు పట్టుకుని దిగాం.

పదమూడో తారీకు మధ్యాహ్నం హౌరాలో బండి ఎక్కాను. రవే వచ్చి ఎక్కించాడు. బండి కదిలేవరకూ ప్లాట్‌ఫారం మీద నిలబడి కిటికీలోంచి ఏవేవో మాట్లాడుతూనే ఉన్నాడు. ఆఫీసు గురించి, ఎవరిదో పెళ్ళి గురించి. మాట ఇంకా కొంచెం నలుగుతోంది. అయినా ఆపలేదు.

నా పక్కన వైజాగ్‌లో కంటి ఆపరేషను కోసం వెళుతున్న బెంగాలీ ఆవిడ, ఆమె కొడుకు కూర్చున్నారు. కలకత్తాలో ఏమేం చూశారని ఆ అబ్బాయి అడిగాడు. నేను చూసినవి చెప్పాను. నది కింద బండి, లిలువాలో ఒక పెనం, ఏక్‌బాల్‌పూర్‌లో ఒక వంటగది. కాళీ ఆలయం, పెద్ద తెల్ల పాలరాతి భవనం ఏమీ చూడలేదని తెలిసి ఆశ్చర్యపోయాడు. నాకు చూడలేదన్న బాధ కలగలేదు. ఒకే గుడ్డు ఐదుగురి చేతుల్లో ఐదు రకాలుగా అవుతుందని చూశాను. వాటిలో తప్పు పద్ధతి అంటూ ఏదీ కనిపించలేదు. నా పొరటు కూడా తప్పు కాదు. పళ్ళు బాగున్నవాడికి, వేడన్నంలోకి, ఇప్పటికీ అదే చేస్తాను.

బాలాసోర్‌లో బండి ఆగినప్పుడు ఇంటికి ఫోన్ చేశాను. బియ్యం ఉన్నాయా, పాలవాడు వస్తున్నాడా అన్నీ అయ్యాక, మావారిని అడిగాను. "మీకు గుడ్డు ఎలా ఉంటే ఇష్టం?"

"అదేం ప్రశ్న?" అన్నారు.

"చెప్పండి."

అవతల కాసేపు టీవీ శబ్దం వినిపించింది. తరువాత అది ఆగింది. "కొంచెం తడిగా ఉంటే ఇష్టం. మా అమ్మ అలా చేసేది" అన్నారు.

"ఇరవై ఏళ్ళలో ఒక్కసారైనా చెప్పలేదేం?"

"నువ్వు ఇష్టంగా వండి పెడుతుంటే ఏం చెప్పను" అన్నారు. "పొద్దున బండి ఎన్నింటికి? నేను స్టేషనుకి వస్తాలే."